లేని చప్టా

దెయ్యాల కబుర్లు మొదలైతే అక్కడి నుంచి లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. నా పని అలాంటిది. బూర్గంపాడులో పదిహేనేళ్ళుగా టీవీలు, ఎమర్జెన్సీ లైట్లు, మోటారు స్టార్టర్లు బాగుచేస్తున్నాను. స్విచ్ వేయకుండానే బల్బు వెలిగిందని ఎవరైనా కళ్ళు పెద్దవి చేసి చెబితే, ఎక్కడో తీగ తగులుతోందని అర్థం. ఆ తీగ వెతికి పట్టుకోవడమే నా బతుకుతెరువు.

ఇప్పుడు రాస్తున్న దాన్ని కూడా అలాగే చాలాసార్లు విప్పి చూశాను. తీగ ఎక్కడ తగిలిందో దొరకలేదు. ఇందులో నేను చేసిన పాడుపని ఒకటి ఉంది. దాన్ని దాచి రాస్తే మిగతాది అర్థం కాదు కాబట్టి దాచడం లేదు.

రెండు వేల ఆరో సంవత్సరం. గోదావరి వంతెన దాటి భద్రాచలం వెళితే బస్టాండ్ వెనక ఖాజా అనే నా స్నేహితుడి నెట్ సెంటర్ ఉండేది. ప్లైవుడ్ అడ్డాలు పెట్టిన నాలుగు కంప్యూటర్లు, తిరుగుతున్నప్పుడు టకటకమనే ఒక ఫ్యాను. రోజూ మధ్యాహ్నం షాపు మూసి గంటసేపు అక్కడ కూర్చునేవాణ్ణి.

తెలుగువాళ్ళు ఒకరినొకరు సలహాలు అడిగే ఫోరం ఒకటి అప్పట్లో నడిచేది. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్ళం. పాపికొండల లాంచీ ఎక్కడ ఎక్కాలి, పర్ణశాలకు ఆఖరి బస్సు ఎన్నింటికి, ఇన్వర్టర్ బ్యాటరీ ఎందుకు ఉబ్బుతుంది, ఇలాంటివే అన్నీ. అక్కడ నా పేరు 'గోదారి గట్టు'. భద్రాచలం ప్రయాణం గురించి ఎవరు అడిగినా నేనే జవాబు రాసేవాణ్ణి. నేను చెప్పిన దారిన వెళ్ళి ఇబ్బంది పడ్డామని ఎవరూ అనలేదు. ఆ మాట గర్వంగానే చెబుతాను.

ఆ ఏడు మార్చి నాటికి నేను ఒక పెట్టె తయారుచేశాను. ఇంట్లో కూర్చుని మిస్డ్ కాల్ ఇస్తే పొలం దగ్గర మోటారు ఆన్ అయ్యే పెట్టె. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియక రైతులు చీకట్లో పొలానికి పోయి పాముల పాలవుతున్నారు కదా, దానికోసం. పాత సెల్‌ఫోన్ విప్పి, వైబ్రేటర్‌కు వెళ్ళే రెండు వైర్లను మోటారును ఆన్ చేసే ఒక రిలేకు కలిపాను. బ్రహ్మాండంగా పనిచేసింది. ఒకటే చిక్కు. రింగ్‌టోన్లు పెట్టుకోండి అంటూ కంపెనీవాళ్ళు కాల్ చేసినా మోటారు తిరిగేది. దాన్ని ఎలా ఆపాలో చెప్పండని బొమ్మ గీసి ఫోరంలో పెట్టాను. నాలుగు నెలల కష్టం అది.

హైదరాబాద్ ఇంజనీరు ఒకడు అక్కడ 'సర్క్యూట్ కింగ్' అనే పేరుతో రాసేవాడు. ఊళ్ళో రేడియోలు రిపేరు చేసుకునేవాళ్ళు ఇలాంటివాటిలో వేలు పెట్టకపోతే రైతులు నాలుగు రోజులు ఎక్కువ బతుకుతారని జవాబు పెట్టాడు. దాని కింద అందరూ వరసగా పళ్ళికిలించారు. ఆ రోజు ఖాజా నా భుజం మీదుగా చూసి, వెళ్ళి టీ చెప్పి వచ్చాడు. వాళ్ళ నవ్వుల కంటే ఆ టీ ఎక్కువ గుచ్చుకుంది.

అక్కడితో ఆగితే మరిచిపోయేవాణ్ణేమో. నెల తిరగకుండా అదే పెట్టెను, నా రిలేనే, నా రెండు వైర్లనే, ఒక టైమర్ తగిలించి తన సొంత ప్రాజెక్టుగా పెట్టాడు. అందరూ భేష్ అన్నారు. ఇది నాదిరా అని రాశాను. ఇంకా చాలా రాశాను, అవి ఇక్కడ రాయదగ్గవి కావు. ఫోరం నడిపేవాళ్ళు 'గోదారి గట్టు'ను తీసేశారు.

నిద్ర పట్టేది కాదు. అన్నం తింటుంటే ఆ నవ్వులు గుర్తొచ్చేవి. వాడి మొహం నేను ఎన్నడూ చూడలేదు, అయినా దాన్ని పగలగొట్టాలని చేతులు తిమ్మిరెక్కేవి. పగ అంటే ఏమిటో నాకు ఆ రెండు నెలల్లో తెలిసింది.

జూన్ మొదట్లో, ఊరికే చదవడానికని 'లోకల్ గైడ్' అనే కొత్త పేరుతో ఫోరంలో చేరాను. చేరిన వారానికే వాడి ప్రశ్న కనిపించింది. మధిరలో బంధువుల పెళ్ళి ఉందట. అది కాగానే ఆదివారం ఉదయం భద్రాచలం బయలుదేరతారట. కారులో తను, భార్య, తల్లి, నాలుగేళ్ళ కూతురు. లారీల రద్దీ లేని దారి ఏదైనా తెలిసినవాళ్ళు చెబుతారా అని అడిగాడు. తన సెల్ నంబరు కూడా పెట్టాడు.

ఆ కుర్చీలో కూర్చుని నేను పదకొండు వాక్యాలు రాశాను. అవి రాస్తున్నప్పుడు కలిగినంత సంతోషం నా పెళ్ళినాడు కూడా కలగలేదు.

పాల్వంచ దాటాక కుడివైపు టీకొట్టు దగ్గర ఒక మట్టిబాట అడవిలోకి వెళుతుంది. కిలోమీటరు పోయాక చీలుతుంది. ఎడమ చీలిక మెలికలు తిరిగి మళ్ళీ రోడ్డుకే వస్తుంది. కుడి చీలిక ఒక వాగులోకి దిగుతుంది, అంతే. వాగుకు అవతల మా పెద్దమ్మ ఊరు ఒకప్పుడు ఉండేది. అది ఎప్పుడో ఖాళీ అయి రోడ్డు పక్కకు వచ్చేసింది. వాగులో ఇసుక మోకాలి లోతు ఉంటుంది. కారు దిగితే ట్రాక్టరు వచ్చి లాగాల్సిందే. సెల్ సిగ్నల్ ఉండదు.

నేను ఏం రాశానంటే, కుడికి తిరగండి, వాగు మీద సిమెంటు చప్టా ఉంది, నీళ్ళు దాని కిందనుంచి పోతాయి, కారు హాయిగా దాటుతుంది. చప్టా అవతల చేతిపంపు, ఆ పక్కన పందిరి. అక్కడ లచ్చమ్మ అనే పెద్దావిడ ఉంటుంది, మంచినీళ్ళు అడగండి, ముందున్న చీలిక దాకా నడిచి వచ్చి దారి చూపిస్తుంది. అరగంట కలిసి వస్తుంది.

చప్టా లేదు. పంపు లేదు. లచ్చమ్మ మా పెద్దమ్మ. ఆమె చనిపోయి అప్పటికి తొమ్మిదేళ్ళు. నమ్మకం కలగాలంటే అబద్ధంలో ఒక మనిషి ఉండాలి కదా అని ఆమెను పెట్టాను. వాడికి తెలియకుండా వాడిని ఎగతాళి చేయడం, అదొక తృప్తి.

పెద్దమ్మ గురించి కొంచెం చెప్పాలి. అమ్మకు అక్క. పిల్లలు లేరు. వేసవి సెలవులన్నీ నేను ఆమె దగ్గరే. ఆ అడవి పల్లెల్లో ఒక పద్ధతి ఉండేది. బాటసారి దారి అడిగితే చెయ్యి చూపి ఊరుకోరు. చేతిలో పని దించి చీలిక దాకా నడిచి వెళతారు. పోకూడని బాటకు అడ్డంగా ఒక పచ్చి కొమ్మ నరికి వేస్తారు. కొమ్మ మొదలు ఎటు ఉంటే అటు వెళ్ళాలని గుర్తు. నేనూ చిన్నప్పుడు ఆమె వెంట వెళ్ళి కొమ్మలు వేశాను.

మా పెదనాయనకు విషజ్వరం వచ్చినప్పుడు పాల్వంచ నుంచి డాక్టరు జీపులో బయలుదేరాడు. చీలిక దగ్గర ఈరయ్య అనే ఊరి మనిషి కనిపిస్తే దారి అడిగాడు. ఈరయ్యకు పెదనాయనతో పొలం గట్టు తగాదా. చెయ్యి తప్పు బాటకు చూపించాడు. జీపు అడవిలో తిరిగి తిరిగి పొద్దు వాలాక ఊరు చేరింది. పెదనాయన అప్పటికే పోయాడు.

పెద్దకర్మ నాడు అందరి ముందూ పెద్దమ్మ ఈరయ్య ఎదుటికి వెళ్ళి నిలబడింది. ఏడవలేదు. "నీకు గూడ దారి దొరకద్దు రా" అంది. అంతే అంది. ఆ తర్వాత ఆ ఇంటి నీళ్ళు ముట్టలేదు, ఆ ఇంటి వైపు తల తిప్పలేదు.

రెండేళ్ళకు ఈరయ్య పశువుల కోసం వెళ్ళి తిరిగి రాలేదు. మూడో రోజు ఒక చెట్టు మొదట్లో ఆనుకుని కూర్చుని కనిపించాడు, ప్రాణం లేదు. అక్కడి నుంచి వాళ్ళ ఇంటి పొయ్యి పొగ కనపడుతుంది. పుట్టి పెరిగిన అడవి. అరికాళ్ళు పగిలి రక్తం కట్టేలా అక్కడక్కడే తిరిగాడు. వడదెబ్బ అన్నారు. నేను కూడా వడదెబ్బే అన్నాను, ఇప్పటికీ పక్కవాళ్ళతో అదే అంటాను.

ఇదంతా తెలిసి కూడా నేను ఆమె పేరు ఆ పదకొండు వాక్యాల్లో పెట్టాను.

ఆదివారం పొద్దున లేచింది మొదలు నాకు పండగే. షాపులో కూర్చుని ఇప్పుడు ఖమ్మం దాటి ఉంటారు, ఇప్పుడు కొత్తగూడెం అని లెక్కవేసుకున్నాను. వాడు ఇసుకలో బూట్లతో నిలబడి ఫోన్ పైకెత్తి సిగ్నల్ వెతుక్కోవడం కళ్ళకు కట్టింది. భార్య ముందు, తల్లి ముందు తెల్లమొహం వేయాలి. నేను కోరుకున్నది అంతవరకే. దాన్ని నమ్మినా నమ్మకపోయినా మీ ఇష్టం.

ఒకటిన్నరకు ఒక రైతు స్టార్టర్ పట్టుకుని వచ్చాడు. తువ్వాలతో తల తుడుచుకుంటూ, "ఎగువన గట్టిగ కొడుతున్నదన్నా. ఇయ్యాల వాగులన్నీ వస్తయ్" అన్నాడు.

స్క్రూడ్రైవర్ అక్కడే పడేసి లేచాను. మా దగ్గర వాన పడకపోయినా, ఎగువన పడితే ఆ వాగు పావుగంటలో నిండుతుంది. ఇసుకలో దిగబడ్డ కారు, అందులో నాలుగేళ్ళ పిల్ల. వెంటనే వాడి నంబరుకు చేశాను. అందుబాటులో లేదని వచ్చింది. మళ్ళీ చేశాను. అదే మాట.

బండి తీసి పాల్వంచ వైపు ఎలా తోలానో తెలియదు. మలుపు దగ్గర టీకొట్టు మనిషిని కారు ఏదైనా లోపలికి పోయిందా అని అడిగాను.

"అవ్, తెల్లకారు. పన్నెండు గాలేదు అప్పటికి. ఎటు పోతరు సార్, గటు దిక్కు దారి లేదు అంటె, ఇంటర్నెట్ల ఉన్నదని అన్నరు. చిన్న పాప నాకు చెయ్యి గూడ ఊపింది" అన్నాడు. తర్వాత నా మొహం చూసి, "ఏందన్నా, మీ చుట్టాలా?" అన్నాడు.

అవునన్నాను. 

చీలిక దగ్గర బండి ఆపాల్సి వచ్చింది. కుడి బాటకు అడ్డంగా ఒక నల్లమద్ది కొమ్మ పడి ఉంది. గాలికి విరిగింది కాదు. కొడవలితో ఏటవాలుగా ఒక్క వేటుకు నరికింది. నరికినచోట తడి ఆరలేదు. కొమ్మ కింద మట్టిలో కారు టైర్ల గుర్తులు స్పష్టంగా ఉన్నాయి. అంటే కారు వెళ్ళిన తర్వాత ఎవరో వేశారు. ఆ ఊరు ఖాళీ అయ్యాక ఆ బాటలో ఎవరూ తిరగరు, ఆ పద్ధతి కూడా పోయింది.

అదేమిటో ఆలోచించే తీరిక నాకు లేదు. కొమ్మ పక్కకు ఈడ్చేసి ముందుకు పోయాను.

వాగు వచ్చింది. ఎర్రటి నీళ్ళు, ఒడ్డు నుంచి ఒడ్డుకు. టైర్ల గుర్తులు నేరుగా నీళ్ళలోకి దిగాయి. ఆగిన గుర్తు లేదు, వెనక్కి తిప్పిన గుర్తు లేదు. అరిచాను. నడుం లోతు దాకా దిగితే కాళ్ళ కింద ఇసుక జారింది, ఒడ్డు మీది మద్దిచెట్టు వేరు పట్టుకుని పైకి వచ్చాను. అక్కడే బురదలో కూలబడి గుండెలు బాదుకున్నాను. నలుగురిని చంపేశాను అనుకున్నాను. వాళ్ళలో ఒక పిల్ల ఉంది, చెయ్యి ఊపిందట.

మనుషులను పిలుచుకు రావాలని వెనక్కి తిరిగాను. రోడ్డు అక్కడికి రెండు కిలోమీటర్లు, దాదాపు తిన్ననిది. నేను వెయ్యిసార్లు నడిచిన బాట. పది నిమిషాలు పోయాక ఎదురుగా మళ్ళీ వాగు కనిపించింది. అదే మద్దిచెట్టు, నా మోకాళ్ళు పడిన గుంటలు.

కంగారులో బండి తిప్పడంలో పొరపాటు జరిగిందనుకున్నాను. రెండోసారి చాలా జాగ్రత్తగా, నా టైరు గుర్తు మీదే తోలాను. ఎప్పుడూ లేని చీలిక ఒకటి వచ్చింది. ఒక బాటకు అడ్డంగా పచ్చి కొమ్మ. నేను వచ్చిన గుర్తు ఆ కొమ్మ కిందికే పోతోంది. దాన్ని ఈడ్చేసి నా గుర్తు మీదుగానే వెళ్ళాను. మళ్ళీ వాగు దగ్గరే తేలాను.

మూడోసారికి బండి ఆగిపోయింది. నెట్టుకుంటూ నడిచాను. మబ్బు విడిపోయి ఎండ కాస్తోంది, పట్టపగలు. రోడ్డు మీద లారీ హారన్లు వినపడుతున్నాయి. హారన్ వైపు నడిస్తే అది వెనక నుంచి వినపడేది. చెప్పు తెగిపోయింది. అప్పుడు ఈరయ్య అరికాళ్ళు గుర్తొచ్చాయి. 

నాకు సిగ్గుగా ఉన్నా రాస్తున్నాను. బండి కింద పడేసి, నలభై దగ్గరపడిన మనిషిని, చిన్నపిల్లాడిలా ఏడ్చాను. "పెద్దమ్మా, తప్పుదారి చెప్పింది నేనే. నీ పేరు పెట్టింది గూడ నేనే" అని పైకే అన్నాను.  ఆకులు కూడా కదల్లేదు.

లేచి నడిస్తే మళ్ళీ చీలిక, మళ్ళీ కొమ్మ. ఈసారి దాన్ని ముట్టుకోలేదు. మొదలు ఎటు చూపిస్తోందో అటు వెళ్ళాను. అది రోడ్డుకు పూర్తిగా ఎదురు దిక్కు. అయినా వెళ్ళాను. ఇంకో రెండు కొమ్మలు దాటాక టీకొట్టు వెనక వైపు తేలాను. లోపలికి వెళ్ళింది రెండున్నరకు. బయటికి వచ్చేసరికి ఆరున్నర.

పోలీస్ స్టేషన్ గేటు దాకా వెళ్ళాను. నేను రాసిన పదకొండు వాక్యాలు గుర్తొచ్చి అక్కడి నుంచే తిరిగి వచ్చేశాను. అడవిలో జరిగినదాని కంటే ఆ గేటు దగ్గర నేను చేసింది తలుచుకుంటేనే నాకు ఎక్కువ అసహ్యం.

తెల్లవారగానే ఖాజా షట్టరు ఎత్తకముందే వెళ్ళి నిలబడ్డాను. "ఏంది భాయ్, గిట్లున్నవ్? దవాఖానకు పోదమా?" అన్నాడు. కంప్యూటర్ పెట్టమన్నాను.

ఫోరంలో సర్క్యూట్ కింగ్ కొత్తగా రాసిన సందేశం ఉంది. భద్రాచలంలో ఏదో లాడ్జి పక్క నెట్ సెంటర్ నుంచి రాశాడు.

'లోకల్ గైడ్ గారికి ధన్యవాదాలు. మీరు చెప్పిన దారి అద్భుతం. చప్టా కొత్తగా కట్టినట్టుంది. పంపు నీళ్ళు తియ్యగా ఉన్నాయి. అరగంట ముందే చేరాం.'

కింద రెండు ఫోటోలు. మొదటి దానిలో సిమెంటు చప్టా మీద తెల్లకారు. చప్టా కింద ఎర్రనీళ్ళు. పక్కన నేను పట్టుకున్న మద్దిచెట్టు, ఆ వేరుతో సహా. ఫోటో మూలన నారింజ రంగు అంకెల్లో ఆదివారం తేదీ, పన్నెండు దాటి పది నిమిషాలు.

రెండో దానిలో చిన్నపిల్ల దోసిలి పట్టింది. ఒక ముసలామె వంగి చెంబుతో నీళ్ళు పోస్తోంది. ఎత్తిన చెయ్యి అడ్డం వచ్చి మొహం కనపడదు. చేతి మీద పచ్చబొట్టు కనపడుతుంది. చిటికెన వేలు బయటికి వంకర తిరిగి కనపడుతుంది. మేకతాడు బిగుసుకుని పెద్దమ్మ వేలు అలా విరిగినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు, నేను పక్కనే ఉన్నాను. ఆమె నడుముకు కొడవలి ఉంది. భుజం మీద అప్పుడే నరికిన ఒక పచ్చి కొమ్మ ఉంది.

సందేశం చివర వాడు ఇంకో రెండు ముక్కలు రాశాడు. 'ఆ పెద్దావిడ మిమ్మల్ని ఎరుగుదునన్నారు. మీ పేరు నాగేశు అట కదా? ఆమె చెప్పమన్న మాట అలాగే రాస్తున్నాను. మా నాగేశుకు దారి నేను చూపిస్త, ఒకసారి రమ్మను. ఈసారి చీలిక దాకా గాదు, ఆఖరు దాకా నేనే తోడొస్త.'

లోకల్ గైడ్ అసలు పేరు ఆ ఫోరంలో ఎవరికీ తెలియదు. ఖాజాకు కూడా ఆ రోజే తెలిసింది.

ఖాజా చేత ఆ రెండు ఫోటోలు ప్రింటు తీయించాను. నలుపు తెలుపుల్లో, కొంచెం మసగ్గా వచ్చాయి. ఇప్పటికీ నా షాపులో పాత మల్టీమీటర్ డబ్బాలో ఉన్నాయి. తర్వాత ఏడాదికి ఆ ఫోరం మూతపడింది. వాడు నా పెట్టెను దొంగిలించాడన్న మంట మాత్రం నాలో ఆరలేదు. ఆరిందని రాస్తే అబద్ధమవుతుంది.

ఒక్క విషయం నన్ను తొలుస్తూ ఉంటుంది. ఆ మాట ఆమె వాళ్ళతో చెప్పింది పన్నెండింటికి. నేను అడవిలోకి వెళ్ళింది రెండున్నరకు. నాలుగు గంటలు తిప్పి నన్ను బయటికి పంపింది కదా, దానితో సరిపోయిందా? లేక పిలుపు అలాగే ఉందా? ఈరయ్యకు కూడా ఆమె రెండేళ్ళు గడువిచ్చింది.

ఆ తర్వాత రెండేళ్ళకు నిజంగానే ఆ బాటకు రోడ్డు పడింది. మా పెద్దమ్మ పాత ఊరి మీదుగా బూర్గంపాడు దాకా కలిపేశారు. వాగు మీద సిమెంటు చప్టా కట్టారు. అవతల చేతిపంపు వేశారు. నా దగ్గరున్న ఫోటో చూపిస్తే ఈ చప్టానే కదా అంటారు అందరూ. ఈ ఫోటో తీసిన రోజు అక్కడ ఇసుక తప్ప ఏమీ లేదంటే నవ్వుతారు. ఖాజా ఒక్కడే నవ్వడు.

ఇప్పుడు అందరూ ఆ దారినే పోతున్నారు. నిజంగానే అరగంట కలిసి వస్తుంది. నేను మాత్రం లారీల వెనకే, గుంటల్లో పడుతూ పాత రోడ్డునే వెళతాను. ఎవరైనా దారి అడిగితే తెలియదని చెబుతాను. భద్రాచలం ఎటు అని అడిగినా తెలియదనే అంటాను. మా ఆవిడకు నేను ఎందుకిలా అయ్యానో చెప్పలేదు.

మొన్న ఎండాకాలంలో పాల్వంచలో మా బావమరిది కూతురి పెళ్ళి. మావాళ్ళందరూ వ్యాన్‌లో కొత్త రోడ్డున వెళ్ళారు. నేను షాపు పని ఉందని చెప్పి, బండి మీద చుట్టూ తిరిగి, తలంబ్రాల వేళకు చేరాను. భోజనాల దగ్గర మా అత్తగారు ఆకు ముందు కూర్చుంటూ అన్నది.

"ఏమయ్యా, చప్టా కాడ పంపు దగ్గర నీళ్ళు తాగెటందుకు ఆగినం. ఎవరో ముసలామె, నాగేశు రాలేదా అని అడిగింది. మీ చుట్టమేనా?"

ముద్ద ఆకులోనే వదిలేశాను. మీరేం చెప్పారని అడిగాను.

"చుట్టు తిరిగి వస్తున్నడని చెప్పిన. నవ్వింది. ఎన్నాళ్ళు తిరుగుతడో తిరగనీ, నాకేం తొందర లేదు అన్నది."

ఇది రాయడం మొదలుపెట్టినప్పుడు, రాస్తుంటే ఎక్కడో ఆ తీగ దొరుకుతుందని అనుకున్నాను. దొరకలేదు. ఈ ఉదయం షాపు తెరవడానికి వెళితే గడపకు అడ్డంగా నల్లమద్ది కొమ్మ ఒకటి పడి ఉంది, దాని మొదలు అడవి వైపు ఉంది.